ఒక్క గింజా పడని బుట్ట

పోయిన వారం రామ్‌చందర్‌ను ఎక్కడ వదిలేశామో గుర్తుందా? చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న తండాలో, రెండు ఎడ్లబండ్లు కలిపి కట్టిన స్టేజీ మీద, ఖాళీ బుట్ట బోర్లించి పట్టుకుని నిలబడ్డవాణ్ణి అలాగే వదిలేసి వచ్చాం. పాపం, ఈ వారం రోజుల్లో చేతులు నొప్పి పుట్టి ఉంటాయి. ముందు అతణ్ణి కిందికి దింపుదాం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. రామ్‌చందర్ పాల్వంచ కరెంటు ప్లాంటులో ఆపరేటరు. షిఫ్టు దిగితే నాటకాలు రాయకుండా ఉండలేడు. ఈసారి రాసిన ‘సోనా పెండ్లి’లో ఒక పిల్లకు ముగ్గురు వరులు. ఒకడు ఇంజనీరు, ఒకడు గాజుల షావుకారు, ఒకడు తండా బడిపంతులు బల్‌రాం. వీళ్లలో ఎవరిని చేసుకోవాలో రచయిత చెప్పడు. చూడవచ్చిన జనమే చెప్పాలి. లోపలికి వచ్చేటప్పుడు మనిషికొక చింతగింజ చేతిలో పెడతారు. చివరి అంకానికి ముందు స్టేజీ కింద మూడు బుట్టలు పెడతారు. ఎర్రగుడ్డ కట్టింది ఇంజనీరుది, పసుపుది షావుకారుది, ఆకుపచ్చది బల్‌రాంది. ఏ బుట్ట బరువు తూగితే ఆ పెళ్లి. మూడు పెళ్లిళ్లూ రాసి పెట్టుకున్నాడు మహానుభావుడు!

పాల్వంచ కాలనీలో ఇంజనీరు గెలిచాడు. ముందు వరస కుర్చీలన్నీ ఇంజనీర్లవే అయితే ఇంకెవరు గెలుస్తారు? వైరాలో మాత్రం రైతులు ఆకుపచ్చ బుట్ట పొర్లిపోయేదాకా వేశారు. బల్‌రాం వేషం కట్టేది రామ్‌చందరే కాబట్టి, ఆ రోజంతా నేల మీద నడవలేదు.

అసలు సంగతి ఇది కాదు. సోనా వేషం చాందిది. కాలనీ బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే చాంది, భీమ్లా కూతురు. వైరా నుంచి తిరిగొచ్చే బస్సులో రామ్‌చందర్ తన మనసులో మాట ఆ పిల్లకు చెప్పేశాడు. చెప్పడానికి ముందే ఒక చిన్న దొంగపని కూడా చేసి ఉన్నాడు. నాటకంలో బల్‌రాంకు తన ఇంటిపేరు పెట్టాడు, సోనాకు చాంది ఇంటిపేరు పెట్టాడు. లావుడ్యా బల్‌రాం, పాల్త్యా సోనా. స్టేజీ మీదైనా ఆ రెండు పేర్లూ ఒక్కచోట వినబడాలని అతని ఆశ. చాంది అవుననలేదు, కాదనలేదు. “మా నాని ఉండే తండాల ఆడుదం. మావోళ్లు ఆ పచ్చబుట్టల గింజలేస్తే నేను గూడ ఏస్త,” అంది.

ఇంకేం కావాలి? లంబాడీ పిల్ల, లంబాడీ పంతులు, చూసేది లంబాడీ తండా. రాకరాక వచ్చిన అవకాశం అనుకున్నాడు. తండ్రి రెడ్యా మాత్రం, “యాడనైన ఆడుకో. ఆ తండాల వద్దు,” అన్నాడు. ఎందుకని అడిగితే అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. వచ్చే ఉగాదికి రిటైరయ్యే మనిషి, ఏదో చాదస్తం అనుకుని రామ్‌చందర్ వినలేదు.

రాత్రి నాటకం ఆడారు. తండా అంతా వచ్చింది. ఎర్రబుట్ట నిండింది. పసుపుబుట్ట సగం నిండింది. ఆకుపచ్చ బుట్ట ఎత్తి బోర్లిస్తే స్టేజీ మీద ఒక్క గింజ కూడా పడలేదు.

* * *

తెల్లారింది. బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. జనం చీకటితోనే అడవికి పోయి, పొద్దు కాస్త ఎక్కేసరికి ఆకు మూటలతో తిరిగొచ్చారు. ఇళ్ల ముందు నీడ పట్టున కూర్చుని కట్టలు కడుతున్నారు. నాటకం వాళ్ల కోసం పాల్వంచ నుంచి మెటాడోర్ వ్యాను మధ్యాహ్నానికి గాని రాదు.

రామ్‌చందర్‌కు రాత్రి కంటి మీద కునుకు లేదు. వైరాలో ఎవరికీ ఏమీ కాని బల్‌రాంకు బుట్ట పొర్లింది. సొంత మనుషుల దగ్గరకొస్తే ఒక్కడంటే ఒక్కడు గింజ వెయ్యలేదు. ఓడిపోతే ఓడిపోయాననుకోవచ్చు. ఏ ఊళ్లోనైనా ముసలివాళ్లలో ఒకరో, పిల్లల్లో ఒకరో పొరపాటునైనా ఆ బుట్టలో వేస్తారు. ఊరంతా కూడబలుక్కున్నట్టు వెయ్యకపోవడమేమిటి?

“నేను చెప్త ఇను,” అన్నాడు వజీర్, స్టేజీ తడికెలు విప్పుతూ. పాల్వంచ బజార్లో గాజుల కొట్టు అహ్మద్ పాషా కొడుకు ఇతను. షావుకారు వేషం ఇతనిదే. నాటకంలో నిజం గాజులే పంచుతాడు. “నీ బల్‌రాం మస్తు మాట్లాడ్తడు భాయ్. నేనేమన్న మాట్లాడిన్నా? గాజులిచ్చిన, ఖతం. మా అబ్బాకు తెలిస్తే నన్ను ఇంట్ల రానియ్యడు, అది వేరే సంగతి.”

“మాటలు తగ్గిస్తే ఏస్తరంటవా?”

“అది నాకేం తెల్సు? ముందుగాల తగ్గియ్యి, సూద్దం.”

తుల్సీరాం గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి నవ్వాడు. ప్లాంటు టైమాఫీసులో క్లర్కు, ఇంజనీరు వేషం అతనిది. ఎవరు డ్యూటీకి వచ్చిందీ, ఎవరు ఎగ్గొట్టిందీ, ఎవరు ఎవరి బదులు వచ్చిందీ అతని కళ్లు దాటిపోదు. చాంది మీద కూడా ఆ కళ్లు ఉన్నాయని కాలనీలో అందరికీ తెలుసు.

“బల్‌రాంను రెండో సీన్లనే పాము కరిస్తే సరి. ఇద్దరే మిగుల్తరు. జనానికి గూడ పరేషాన్ తగ్గుతది,” అన్నాడు.

రామ్‌చందర్ వాళ్లను వదిలి తండాలోకి నడిచాడు. నాటకం చూసినవాళ్లనే అడిగి తేల్చుకుందామనుకున్నాడు.

ముందు దేవ్లా దొరికాడు. రాత్రి పెట్రోమాక్స్ లైట్లకు గాలి కొట్టిన కుర్రవాడు, కొత్తగా పెళ్లయింది. “బల్‌రాం మంచిగనే ఉన్నడన్నా,” అని తలగోక్కున్నాడు. “ధోతి జెర పొట్టిగున్నది.”

“ధోతి పొడుగు చేస్తే గింజ ఏస్తుంటివా?”

దేవ్లా నాలుక కరుచుకున్నాడు. “అయ్యయ్యో, గదెట్ల ఏస్తనన్నా!” అని పకపకా నవ్వి, ఆకు మూట భుజానికెత్తుకుని పరుగు లంకించుకున్నాడు. ధోతి పొట్టిగా ఉంటే వెయ్యడు. పొడుగైనా వెయ్యడు. ఇదేం లెక్కో రామ్‌చందర్‌కు అంతు చిక్కలేదు.

తర్వాత మోతీ అనే ఆవిడను అడిగాడు. ఆవిడ చేతులకు వజీర్ పంచిన కొత్త గాజులు మెరుస్తున్నాయి, అయినా గింజ ఇంజనీరుకే వేసిందట. “గడియారం సూసుకుంట మాట్లాడిండు గదా, మస్తుగనిపించింది,” అంది.

“మరి బల్‌రాం సోనాను ఎంత పాణంగ సూసుకున్నడు! అది సూడలేదా అక్కా? కొప్పుల పువ్వు పెట్టే సీన్ల మీరందరు సిగ్గుపడి కొంగులు కప్పుకున్నరు గదా.”

“సిగ్గా?” మోతీ పక్కనున్న ఆడవాళ్ల వైపు చూసింది. వాళ్లు తలలు దించుకున్నారు. ఒకావిడ మూతి ముడిచింది. “సూడలేకనే కప్పుకున్నం తమ్మీ. పో, నీ పని సూసుకో,” అని మోతీ ఆకు కట్ట మీద నార గట్టిగా బిగించింది.

ఇక ఆఖరికి తండా నాయక్ దస్రు దగ్గరికే పోయాడు. తండాకు పెద్దమనిషి, పెద్ద మీసాలు. “నాటకం మంచిగున్నది,” అన్నాడు. “చాయ్ తాగు.”

“తప్పుంటె చెప్పు నాయక్. మార్చుకుంట.”

“ఇంటికొచ్చినోళ్ల తప్పు మేమెంచం. చాయ్ తాగు.”

“తప్పున్నదన్నట్టేనా మరి?”

“నేనన్నన్నా? అనలే. చక్కెర సాలిందా?”

ఇక మీరే చెప్పండి, ఆ మనిషికి పిచ్చెక్కదా? మాటలు ఎక్కువన్నారు, ధోతి పొట్టిదన్నారు, గడియారం లేదన్నారు. సరే, మాటలు కోస్తాడు, ధోతి మారుస్తాడు, పంతులుకు ఒక గడియారం కూడా కొనిపెడతాడు. కాని వీళ్లు చెప్పేది ఒకటి, కడుపులో దాచుకున్నది ఇంకొకటి అని మాత్రం తెలిసిపోతోంది. అదేమిటో పట్టుబడటం లేదు. ఆ దాచుకున్నదానితోనే చాంది జవాబు ముడిపడి ఉంది. నాటకం పాడైతే ఇంకొకటి రాసుకోవచ్చు. చాందిలాంటి పిల్లను ఇంకొకతెను రాసుకోలేడు కదా!

చాయ్ గ్లాసు అక్కడే పెట్టేసి సోమ్లి ఇంటికి నడిచాడు.

* * *

సోమ్లి చాందికి అమ్మమ్మ, ఆ పిల్ల బస్సులో చెప్పిన నాని. తండాలో అందరికంటే పెద్దది. గుడిసె ముందు తడిక నీడలో కాళ్లు చాపుకుని కూర్చుని ఆకులు సర్దుతోంది. చాంది ఆమె పక్కనే ఉంది. రామ్‌చందర్‌ను చూసి తల ఎత్తలేదు. పొద్దున్నుంచీ అతనికి ఎదురు పడకుండా తప్పించుకునే తిరుగుతోంది. కాస్త దూరంలో ఇప్పచెట్టు కింద ఒక ముసలాయన అటు తిరిగి కూర్చుని, కట్టలకు కావలసిన నార చీలుస్తున్నాడు.

“రా బిడ్డా, కూసో,” అంది సోమ్లి. “నాటకం రాసింది నువ్వేనట. తండంత తిరిగి అడుగుతున్నవట.”

“అవ్, అవ్వా. ఒక్కరు గూడ నిజం చెప్తలేరు.”

“నేను చెప్త. ముందుగాల నేనొకటడుగుత. మీ పాల్వంచల అన్నకు చెల్లెకు పెండ్లి చేస్తరా?”

రామ్‌చందర్‌కు అర్థం కాలేదు. “అదేం మాటవ్వా! నా నాటకంల గట్ల యాడున్నది?”

“పిల్ల పాల్త్యా అంటివి. పిలగాడు లావుడ్యా అంటివి. ఇంటిపేర్లు వేరైతే మాత్రం? రెండు చౌహాన్ గోత్రమే గదా! ఒక్క తాత పిల్లలు. పాల్త్యా పిల్లకు లావుడ్యా పిలగాడు అన్నో తమ్ముడో అయితడు గాని మొగుడెట్లయితడు? వాడు పోయి దాని కొప్పుల పువ్వు పెట్టబట్టె. మేం మొఖం యాడ పెట్టుకోవాలె?” సోమ్లి ఆకుల మీద చెయ్యి కొట్టింది. “ఇంజనీరుకు ఇంటిపేరే చెప్పలేదు, ఎవడో ఏమోనని ఏసినం. గాజులోడు పరాయోడైనా నవ్వించిండు. ఆ పచ్చబుట్టల గింజ ఎట్ల ఏస్తం బిడ్డా? చెయ్యి వస్తదా?”

ఓహో! ఇదా సంగతి! మొదట రామ్‌చందర్‌కు గుండెల మీంచి బండ దించినట్టయింది. వైరా రైతులకు ఈ వరసలు తెలియవు కాబట్టి వేశారు. తండా వాళ్లకు తెలుసు కాబట్టి వెయ్యలేదు. ధోతీ కాదు, మాటలూ కాదు. పైకి చెబితే ఆడిన చాందికి చిన్నతనం, రాసిన చుట్టానికి అవమానం అని అందరూ నోరు కట్టేసుకున్నారు. ఇంటిపేరు ఒక్కటి మారిస్తే నాటకం బాగుపడిపోతుంది.

అంతలోనే అసలు సంగతి తట్టింది. నాటకంలో అయితే మార్చవచ్చు. లావుడ్యా అనేది బల్‌రాం ఇంటిపేరు కాదు, తనది.

తనకు ఈ మాట ఇన్నేళ్లూ ఎందుకు తెలియలేదు? తల్లి జమ్లి తనకు ఊహ తెలియకముందే పోయింది. తండ్రి ఏ తండాకూ తీసుకుపోలేదు. ఇంట్లో తెలుగే మాట్లాడేవాడు. చుట్టాలని ఎవరూ గడప తొక్కలేదు. పండగ వస్తే చాలు, ఓవర్‌టైమ్ అడిగి మరీ డ్యూటీకి వెళ్లేవాడు. గోత్రం అనేది ఒకటుంటుందని తెలుసు. ఏ ఇల్లు ఏ గోత్రంలోకి వస్తుందో చెప్పేవాళ్లు లేరు.

“నీకెర్కనా?” అని చాందిని అడిగాడు.

చాంది ఇప్పుడు తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “ఎర్కనే.”

“మరి ఎందుకు వేషం కట్టినవ్? బస్సులనే ‘కాదు’ అంటే అయిపోవు గదా!”

“నాటకమే గదా అనుకున్న. తర్వాత నువ్వు బస్సుల గట్ల అడిగితివి. కాదు అననీకి నోరు రాలే.” ఆ పిల్ల చేతిలో ఆకు చిరిగిపోయింది. “ఒక్క గింజ పడ్డా సాలనుకున్న రామ్‌చందర్. ఒక్కరన్న ఏస్తే, సూడు నానీ, మనోళ్లలనే ఒకరు ఒప్పుకున్నరని కొట్లాడెదాన్ని. నాకు కొట్లాడనీకి ఒక్క గింజ గూడ ఇయ్యలే.”

సోమ్లి ఈ మాట విని మనవరాలి మొహంలోకీ, రామ్‌చందర్ మొహంలోకీ మార్చి మార్చి చూసింది. ముసలిదే గాని మొద్దు కాదు. “ఏందే చాందీ? ఇది నాటకం మాట కాదా?” అంది.

“నేను గూడ లావుడ్యానే అవ్వా,” అన్నాడు రామ్‌చందర్. ఇంక దాచి లాభం లేదనిపించింది. “నీ మనమరాలిని చేసుకుంటనని అడిగిన. నాకు ఈ వరసలు తెల్వయి. మా నాయిన చెప్పలే.”

“నీ అయ్య ఎవరు?”

“పాల్వంచ ప్లాంటుల ఫిట్టరు. రెడ్యా. లావుడ్యా రెడ్యా.”

సోమ్లి చేతులు ఆగిపోయాయి. ఇప్పచెట్టు కింద నార చీలుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది. అటు తిరిగి కూర్చున్న ముసలాయన ఇటు తిరగలేదు.

“మీ అమ్మ పేరు?” అంది సోమ్లి మెల్లగా.

“జమ్లి. నా చిన్నప్పుడే సచ్చిపోయింది.”

“జమ్లి!” సోమ్లి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ తర్వాత ఆమె చేసిన పని చూసి రామ్‌చందర్‌కు ఉన్న మతి కూడా పోయింది. నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. “పిచ్చోడా, జమ్లి ఈ తండా పిల్లనే. లావుడ్యా ఇంటి ఆడిబిడ్డ. నేనే దానికి పసుపు పూసిన. లావుడ్యా పిల్లను లావుడ్యాకు ఎవడన్న ఇస్తడా?”

“అంటే?”

“నీ అయ్య లావుడ్యా ఎట్లయితడు?”

“మరి రెడ్యా...”

“రెడ్యానా?” సోమ్లి గడ్డంతో ఇప్పచెట్టు వైపు చూపించింది. “లావుడ్యా రెడ్యా అగో, ఆడ కూసోని నార చీలుస్తుండు. పుట్టినకాడికెల్లి వాడే లావుడ్యా రెడ్యా.”

* * *

ముసలాయన లేచాడు. పొడుగు మనిషి, కాస్త వంగిపోయాడు. నడిచి వచ్చి రామ్‌చందర్ ఎదుట నిలబడి, అతని గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం వెలుతురులోకి తిప్పి చూశాడు.

“రాత్రి నువ్వు స్టేజీ మీద నడుస్తుంటె మా చెల్లె జమ్లి నడిచినట్టనిపించింది,” అన్నాడు. “నాటకపోడు గదా, నాకెందుకులే అనుకున్న.” గడ్డం వదిలి, “నా పేరు ఎట్లున్నది అల్లుడా? మీ అయ్య పైలంగ వాడుకుంటుండా?” అని అడిగాడు.

ఆ మాటలో కోపం లేదు. అప్పిచ్చిన దుప్పటి గురించి అడిగినట్టు అడిగాడు. రామ్‌చందర్ అక్కడే కూలబడ్డాడు. పుట్టినప్పటి నుంచి నాయిన అని పిలిచే మనిషికి పేరు లేకుండా పోయింది. పేరున్న మనిషి ఎవరో ఎదురుగా నార పట్టుకుని నిలబడ్డాడు. ఇందులో తానెవరు?

“ఏమైందో జెర తెల్సేటట్టు చెప్పు కాకా,” అంది చాంది.

ముసలాయన కూర్చున్నాడు. “ప్లాంటు కట్టెటప్పుడు మనుషులను తీసుకుంటమని వచ్చిండ్రు. నేను పేరిచ్చిన. పిల్చిననాడు నేను సలిజరంతోటి పండుకున్న. ఎవరన్న పోయి నాకు జరమని చెప్పాలె గదా, మా బావను, గదే మీ అయ్యను తోలిన. ఆడ, ‘లావుడ్యా రెడ్యా ఉన్నడా? లేకుంటె పేరు కొట్టేస్తం’ అన్నరట. మా బావకు ఏం తోచలే. ‘నేనే’ అని చెయ్యెత్తిండు. నాకు జరం తగ్గేదాక నా జాగ పోకుంట సూస్తనని ఎత్తిండు. దొంగతనానికి ఎత్తలే.”

“తర్వాత నువ్వు పోలేదా?”

“పోయిన. ఆ పొగగొట్టం సూసిన, ఆ మోత ఇన్న. నాకు పాణం ఒప్పలే. అడివే నయమనిపించింది. మా బావేమో పని మంచిగ నేర్చుకున్నడు. ‘నా పేరు నువ్వే ఉంచుకో బావా’ అన్న. గంతే.” ముసలాయన చేతిలోని నారను వేలికి చుట్టుకున్నాడు. “గంతే అనుకున్నం. గాని ఒక్క పేరు ఇద్దరం పెట్టుకోని ఒక్కకాడ తిరిగితే ఎవడన్న అడుగుతడు గదా. మా బావ ఇక్కడికి వచ్చుడు బందు పెట్టిండు. నేను ఆడికి పోవుడు బందు పెట్టిన. మా చెల్లె సచ్చిపోయిననాడు గూడ పోలే. కాలనీల పీనుగు ముందల ఇద్దరు రెడ్యాలు కూసోని ఏడిస్తే ఎట్ల బిడ్డా? అడివిలకు పోయి ఏడ్చిన.”

సోమ్లి మొహం పక్కకు తిప్పుకుంది. రామ్‌చందర్‌కు తండ్రి మొహం కళ్ల ముందుకు వచ్చింది. పండగలకు డ్యూటీకి పోయే తండ్రి, చుట్టాలు లేని తండ్రి, ఆ తండాల వద్దు అని అన్నం ముందు నుంచి లేచిపోయిన తండ్రి. చాదస్తం అనుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

కాని మనసు ఎంత దొంగదో చూడండి. అంత దుఃఖంలోనూ లెక్క వేసుకుంటూనే ఉంది. తల్లి లావుడ్యా. కాబట్టి తండ్రి లావుడ్యా కాడు, చౌహాన్ గోత్రపువాడే కాడు. తాను తండ్రి గోత్రం. మరైతే చాంది చెల్లెలు ఎలా అవుతుంది?

అతని కంటే ముందు చాందే లెక్క తేల్చుకుంది. “నానీ! వాళ్లమ్మ నా గోత్రం పిల్లయితే నేను ఏమైత?”

“మేనమామ దిక్కుకెల్లి మరదలువైతవు,” అంది సోమ్లి. “నిన్న రాత్రి అన్న, ఇయ్యాల బావ. నా జల్మల ఇసుంటి నాటకం సూడలే.”

చాంది గభాలున లేచింది. చీర కొంగు ముడి విప్పింది. అందులో ఒక చింతగింజ ఉంది. రాత్రి ఎప్పుడు తీసుకుందో, వెయ్యాలో వద్దో తెలియక ఎంతసేపు పట్టుకుందో ఆ పిల్లకే తెలియాలి. “అడుగు,” అంది రామ్‌చందర్‌తో. “మీ నాయిన అసలు పేరేందో, ఇంటిపేరేందో అడుగు. అది చెప్తే తండా ముందలనే ఈ గింజ ఏస్త.”

రామ్‌చందర్ ముసలాయన వైపు తిరిగాడు. “మా నాయిన ఎవరు మామా?”

ముసలాయన వేలికి చుట్టిన నార విప్పాడు. “చెప్పుడు ఎంతసేపు? ఒక్క మాట. గాని ఇను. ఆ పేరు చెప్పంది నీ పెండ్లికి నాయక్ ఒప్పుకోడు, పిల్ల అయ్య ఒప్పుకోడు. నలుగుట్ల చెప్పాలె, అందరు ఇనాలె. ఇన్నంక అది కాలనీకి పోకుంట ఉంటదా? ఇన్నేండ్లు వేరేటోని పేరు మీద నౌకరి చేసినవని తెలిస్తె, మీ అయ్యను ఉగాదిదాక ఉంచుతరా? చేతుల పైస పెట్టి పంపుతరా, బేడీలేసి పంపుతరా? చెప్తే నీకు పిల్ల దొరుకుతది. చెప్పకుంటె మీ అయ్య బతుకుతడు. ఏ బుట్టల ఏస్తవో నువ్వే ఏసుకో అల్లుడా.”

జనం చేత పెళ్లిళ్లు తేల్పించిన రచయితకు ఇప్పుడు తన వంతు వచ్చింది. చాంది మొహం చూస్తే అడగాలనిపించింది. తండ్రి మొహం గుర్తొస్తే చెవులు మూసుకోవాలనిపించింది. రెండు వైపులా చూశాడు. మూడో దారి ఏదైనా ఉందేమోనని వెతికాడు. అతను ఇంతవరకు రాసిన ఏ ముగింపులోనూ ఇలాంటిది లేదు.

“నాయినను అడగకుంట...” అని ఏదో అనబోయాడు.

తడిక వెనక అడుగుల చప్పుడయింది. ఒకదాంట్లో ఒకటి దూర్చిన మూడు బుట్టలు చంకన పెట్టుకుని తుల్సీరాం నిలబడి ఉన్నాడు. నున్నగా గీసిన గడ్డం, రాత్రి వేషంలో పెట్టుకున్న గడియారం ఇంకా చేతికే ఉంది. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో ఎవరికీ తెలియదు.

“మెటాడోర్ జల్దీనే వచ్చింది,” అన్నాడు. ఆ తర్వాత కదల్లేదు. అతని చూపు రామ్‌చందర్‌ను దాటి, చాంది అరచేతిలోని గింజను దాటి, నార పట్టుకుని కూర్చున్న ముసలాయన దగ్గర ఆగింది. టైమాఫీసు కిటికీలోంచి రోజూ చూసే చూపే అది.

“తాతా,” అన్నాడు చాలా మర్యాదగా, “ఇప్పుడు వీళ్లు నిన్ను ఏదో పేరు పెట్టి పిలిచినట్టున్నరు. నీ పేరేందంటివి?”